నాదం, నామం, శ్రోత: మంథని వేదపాఠం నుంచి కులా షేకర్ ‘గోవింద’ వరకు

పవిత్రమని లోకం భావించే ఒక ధ్వనిని విన్నప్పుడు శ్రోతలో కలిగే అనుభూతికి మూలం ఆ ధ్వనిలోనే ఉన్నదా, ఆ ధ్వని చెప్పే అర్థంలో ఉన్నదా, లేక వినేవాని మనస్సులో ముందే ఏర్పడిన సంస్కారంలో ఉన్నదా అనే ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో చాలా పాతది. శబ్దం నిత్యమని వాదించిన మీమాంసకులు, అది పుట్టి నశించేదేనన్న నైయాయికులు, కావ్యనాటకాల ఆస్వాదాన్ని విచారించిన ఆలంకారికులు, భగవన్నామం ఒక్కటే చాలునని నమ్మిన భక్తులు ఈ ప్రశ్నకు తలా ఒక సమాధానం చెప్పారు. ఆ సమాధానాల బలాబలాలను పరీక్షించడానికి రెండు శ్రవణ సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడటం ఉపకరిస్తుంది. ఒకటి గోదావరి తీరాన మంథనిలో తరతరాలుగా సాగుతున్న వేదపాఠం. రెండవది 1996లో ఇంగ్లండులో వెలువడి, సంస్కృత నామసంకీర్తనను రాక్ సంగీతంలో వినిపించిన ‘కె’ అనే ఆల్బమ్. పైకి ఈ రెండింటికీ పొంతన లేదనిపించినా, రెండు చోట్లా వినేవారిలో ఎక్కువమందికి చెవిన పడుతున్న మాటల అర్థం తెలియదు. అయినా రెండు చోట్లా ఏదో ఒకటి పొందామనే భావంతో లేచి వెళ్లే శ్రోతలు ఉంటారు. వారు పొందినది ఏమిటి, దాని విలువ ఎంత అన్నదే ఇక్కడి విచారణ.

పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమై, 2016 నాటి జిల్లాల పునర్విభజన తరువాత పెద్దపల్లి జిల్లాలో చేరిన మంథనిని మంత్రకూటమనీ, మంత్రపురి అనీ పిలవడం వాడుకలో ఉంది. ఉత్తర తెలంగాణలో ధర్మపురి నరసింహక్షేత్రంగా, వేములవాడ రాజరాజేశ్వర క్షేత్రంగా, కాళేశ్వరం గోదావరీ ప్రాణహితల సంగమ క్షేత్రంగా ప్రసిద్ధికెక్కితే, మంథనికి పేరు తెచ్చినది ప్రధానంగా దాని వేదపండితుల పరంపర. తెలుగునాట ఎక్కువగా అధ్యయనంలో ఉన్నది కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ శాఖ కాగా, శివాలయాల్లో అభిషేక వేళ వినిపించే రుద్రం ఆ శాఖ సంహితలోనిదే. ఆ సంహిత నాలుగవ కాండలోని ఐదవ ప్రపాఠకం నమకమని, ఏడవ ప్రపాఠకం చమకమని వ్యవహారం పొందాయి. ఒక్కొక్కదానిలో పదకొండు అనువాకాలు, అంటే పాఠ విభాగాలు, ఉన్నాయి. కార్తీకంలో గోదావరి స్నానం చేసి ఒడ్డునున్న గౌతమేశ్వరాలయానికి వచ్చే భక్తులలో ఈ అనువాకాల అర్థం తెలిసినవారు స్వల్పం. నమకంలో రుద్రుడు అడవుల్లోనూ, దారుల్లోనూ, నీటిలోనూ, వడ్రంగులలో, కుమ్మరులలో, వేటగాండ్రలో, దొంగలలో సైతం ఉన్నాడని చెప్పి ఒక్కొక్కరికీ నమస్కరించారని వారిలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. అయినా ఆ నాదం సాగుతున్నంతసేపు వారు చేతులు జోడించి నిలబడతారు.

ఆ నాదం యాదృచ్ఛికమైనది కాదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి ఉచ్చారణ శాస్త్రానికి ఆరు అంగాలను చెబుతుంది: వర్ణం అంటే అక్షరం, స్వరం అంటే ఉదాత్తాది స్థాయిభేదం, మాత్ర అంటే పలికే కాలం, బలం అంటే పలికే ప్రయత్నం, సామం అంటే సమమైన నడక, సంతానం అంటే అక్షరాల కూర్పు. గురువు ఒక భాగాన్ని ఒకసారి చెప్పగా శిష్యులు రెండుసార్లు తిరిగి చెప్పడాన్ని సంత చెప్పుకోవడమంటారు. ఆ తరువాత దానిని పలుమార్లు వల్లె వేస్తారు. సంహిత కంఠస్థమైన పిమ్మట పదాలను విడివిడిగా చెప్పే పదపాఠం, ఒకటి రెండు, రెండు మూడు అని జంటలుగా చెప్పే క్రమపాఠం, అటుపై జట, ఘన అనే కఠినతర పాఠాలు వస్తాయి. ఘనలో వరుసగా ఉన్న మూడు పదాలను తీసుకుంటే, మొదట ఒకటి రెండు, వెంటనే రెండు ఒకటి, ఆ పైన ఒకటి రెండు మూడు, తిరిగి మూడు రెండు ఒకటి, చివరకు మళ్లీ ఒకటి రెండు మూడు అనే క్రమంలో పదమూడు పదస్థానాలు ఏర్పడతాయి. ఆపైన రెండవ పదం మొదటిదై అదే వలయం మళ్లీ మొదలవుతుంది. ఒక్క అక్షరం జారినా, ఒక్క స్వరం తప్పినా తదుపరి ఆవృత్తిలో అది బయటపడేలా ఈ కూర్పు ఉంటుంది. వ్రాతపై ఆధారపడకుండా పాఠాన్ని కాపాడుకోవడానికి పూర్వులు కనిపెట్టిన ఈ ఉపాయానికి, వినేవానిపై మరొక ప్రభావం కూడా ఉంది: పదాలు ముందుకూ వెనక్కూ తిరుగుతూ, వాక్యార్థం క్రమంగా తెరమరుగై, శుద్ధమైన నాదవలయమే మిగులుతుంది.

అర్థం ఇలా వెనక్కు తగ్గే చోటనే తైత్తిరీయ సంహిత ఒక హెచ్చరికను కథారూపంలో పెట్టింది. తన కుమారుని ఇంద్రుడు చంపగా, త్వష్ట ఇంద్రుణ్ణి సంహరించగల వానిని పుట్టించే సంకల్పంతో హోమం చేసి, ‘ఇంద్రశత్రు’ అనే పదాన్ని ఉచ్చరించాడు. ఆ సమాసంలో ఉదాత్తం చివర ఉంటే ఇంద్రునికి శత్రువు, అంటే ఇంద్రుణ్ణి చంపేవాడు, అనే తత్పురుషార్థం వస్తుంది. మొదట ఉంటే ఇంద్రుడే శత్రువుగా గలవాడు, అంటే ఇంద్రుని చేతిలో చచ్చేవాడు, అనే బహువ్రీహి అర్థం వస్తుంది. త్వష్ట పలుకులో స్వరం మొదటికి చేరినందువల్ల పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతిలోనే మరణించాడు. వ్యాకరణ ప్రయోజనాలను చెబుతూ పతంజలి మహాభాష్యంలో ఈ వృత్తాంతాన్ని ఉదాహరించాడు. ఈ కథలో శబ్దమూ అర్థమూ విడదీయరానివిగా ఉన్నాయి. ధ్వని స్థాయి మారితే అర్థం మారింది. అర్థం మారితే ఫలం మారింది. పలికినవాని ఉద్దేశం మాత్రం ఆ ఫలాన్ని ఆపలేకపోయింది. అంటే వైదిక సంప్రదాయం తొలినాటి నుంచే పవిత్ర ధ్వనిని వట్టి నాదంగానూ చూడలేదు, వట్టి మనోభావంగానూ చూడలేదు.

అయినా మంత్రాలకు అర్థం ఉన్నదా అనే సందేహం వైదిక పండితులలోనే పుట్టింది. మంత్రాలు అర్థరహితాలనే కౌత్సుని వాదాన్ని యాస్కుడు నిరుక్తంలో ప్రస్తావించి ఖండించాడు. మంత్రంలోని పదాలను మార్చడానికి వీలులేదు, వరుస తప్పించడానికి వీలులేదు, కొన్ని మంత్రాలు పరస్పర విరుద్ధంగా ఉన్నాయి, కొన్నింటి అర్థం అసలే తెలియదు కాబట్టి వాటి ప్రయోజనం ఉచ్చారణ మాత్రమేనన్నది కౌత్సుని పక్షం. గుంజను చూడలేకపోవడం అంధుని లోపమే గాని గుంజ లోపం కాదని యాస్కుడు సమాధానం చెప్పి, వేదం నేర్చి అర్థమెరుగని వానిని బరువు మోసే స్తంభంతో పోల్చాడు. ఆ తరువాత మీమాంసకు మూలమైన జైమిని సూత్రాలు, వాటిపై శబరస్వామి భాష్యం ఇదే వివాదాన్ని మళ్లీ విచారించి, మంత్రం యజ్ఞంలో చేయవలసిన పనిని, దాని దేవతను జ్ఞాపకం చేసే సాధనమని, కాబట్టి అర్థవంతమేనని నిర్ణయించాయి. అదే మీమాంస శబ్దనిత్యత్వాన్ని కూడా సమర్థించింది. కంఠం నుంచి వెలువడే ధ్వని పుట్టి పోతుంది గాని, అది వెల్లడించే వర్ణం ఎప్పుడూ ఉన్నదేననీ, ధ్వని పని వర్ణాన్ని సృష్టించడం కాక అభివ్యక్తం చేయడమేననీ మీమాంసకుల సిద్ధాంతం. ఈ ‘అభివ్యక్తి’ అనే భావనను గుర్తుంచుకోవాలి; ఆలంకారికులు దీనినే మరొక రంగంలో మరింత లోతుకు తీసుకుపోయారు.

ఇంతవరకు చెప్పినది మంత్రాన్ని గురించి. మంత్రానికి నియమం ఉంది. నియమం వెంట అధికారం అనే భావన ఉంది. అధికారమంటే ఒక విద్యను పొందడానికి తగిన అర్హత. బ్రహ్మసూత్రాలలోని అపశూద్రాధికరణం వేదశ్రవణానికి శూద్రులకు అర్హత లేదని వ్యాఖ్యాతలచేత నిర్ణయింపజేసింది. స్త్రీలను కూడా సంప్రదాయం దాదాపు అదే విధంగా దూరం పెట్టింది. అదే అధికరణ భాష్యంలో శంకరాచార్యులు విదురుడు మొదలైనవారికి పూర్వసంస్కారం వల్ల జ్ఞానం కలిగిందని, ఇతిహాస పురాణాల శ్రవణంలో నాలుగు వర్ణాలకూ అర్హత ఉందని ఒప్పుకున్నారు. శ్రవణంలోని యోగ్యతను పుట్టుకతో ముడిపెట్టడం ఈ దేశం చేసిన పెద్ద అన్యాయాలలో ఒకటి. నమకమే వడ్రంగిలో, కుమ్మరిలో, వేటగాడిలో రుద్రుణ్ణి చూసి నమస్కరించినప్పుడు, ఆ నమస్కారాన్ని వడ్రంగి వినరాదనడం ఆ మంత్రార్థానికే ఎదురు తిరగడమవుతుంది. అర్థాన్ని వదిలి ధ్వనిని మాత్రమే కాపాడితే ఎంతటి వైరుధ్యం పుడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఈ కట్టడిని దాటి పవిత్ర ధ్వనిని అందరి చెవికీ చేర్చినది భక్తిమార్గం. భాగవతం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి విధానాలలో మొదటిది శ్రవణం. దానికి కులం, లింగం, భాష, స్వరనియమం అడ్డురావు. మంత్రం పలుకుబడికి కట్టుబడి ఉంటే, నామం పిలుపుకు కట్టుబడి ఉంటుంది. ఆళ్వారులలో ఒకడైన కులశేఖరుడు చేర రాజై ఉండి కూడా ఈ నామమార్గాన్ని నమ్మినవాడు. ఆయన తమిళ కృతి పెరుమాళ్ తిరుమొళిలో 105 పాశురాలు ఉన్నాయి. సంస్కృతంలోని ముకుందమాల కూడా ఆయనదేనని సంప్రదాయం చెబుతుంది. వేంకటాద్రి మీద పక్షిగానైనా, చేపగానైనా పుట్టాలని కోరి, చివరకు స్వామి వాకిట మెట్టుగా పడి ఉంటే చాలునని ఆయన ప్రార్థించాడు. ఆ ప్రార్థనను స్మరిస్తూనే తిరుమల గర్భాలయపు గడపను నేటికీ కులశేఖరపడి అంటారు. కొండ ఎక్కుతూ గోవిందలు కొట్టే తెలుగు యాత్రికుడు ఎంతటి నిరక్షరాస్యుడైనా ఆ గడపకు ఎదురుగా నిలిచే హక్కు గలవాడు.

ఆ కులశేఖరుని పేరే రూపం మార్చుకుని 1990లలో ఒక ఆంగ్ల రాక్ బృందానికి పేరైంది. క్రిస్పియన్ మిల్స్ ప్రధాన గాయకుడుగా ఉన్న ఆ బృందం మొదట ‘ది కేస్’ అనే పేరుతో సాగి, 1995లో ‘కులా షేకర్’ అనే పేరు పెట్టుకుంది. 1996 సెప్టెంబరులో వెలువడిన వారి తొలి ఆల్బమ్ ‘కె’ బ్రిటిష్ ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానాన్ని అందుకుంది. అందులోని ‘తత్త్వ’ అనే పాట బ్రిటిష్ పాటల పట్టికలో నాలుగవ స్థానానికి, పూర్తిగా సంస్కృతంలో సాగే ‘గోవింద’ ఏడవ స్థానానికి చేరాయి. ఈ సంగీతాన్ని సైకడెలిక్ ఆల్టర్నేటివ్ రాక్ అనే తరగతిలో చేరుస్తారు. ఆల్టర్నేటివ్ రాక్ అంటే 1980ల నుంచి ప్రధాన వాణిజ్య ధోరణికి పక్కగా, ఎక్కువగా చిన్న స్వతంత్ర సంస్థల ద్వారా ఎదిగిన రాక్ సంగీతం. సైకడెలిక్ అనేది 1960ల నడుమ పుట్టిన ధోరణి. మనస్సు మామూలు ఎరుకను దాటినప్పటి స్థితిని ధ్వనితో సూచించడానికి అది ఎడతెగని శ్రుతి, పొరలు పొరలుగా ప్రతిధ్వని, తిరగేసి వినిపించిన టేపులు, సాగదీసిన గిటారు నాదం వంటి ఉపాయాలను వాడుతుంది. ఆ పేరును 1950లలో మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ కొన్ని మాదకద్రవ్యాల ప్రభావాన్ని వర్ణించడానికి కల్పించాడు. ఆ రసాయనాల అనుభవాన్ని ఆల్డస్ హక్స్‌లీ 1954లో ఒక పుస్తకంగా వ్రాసి, వాటికీ మతానుభవానికీ ఉన్న సంబంధం మీద పెద్ద చర్చను లేవదీశాడు.

ఈ ధోరణికి మొదటి నుంచీ భారతీయ నాదంతో సంబంధం ఉంది. బీటిల్స్ బృందం 1966లో విడుదల చేసిన ‘రివాల్వర్’ ఆల్బమ్ చివరి పాట దాదాపు ఒకే స్వరసంపుటి మీద నిలిచి, అడుగున తంబురా శ్రుతిని, పైన వలయాలుగా తిరిగే టేపు ధ్వనులను వినిపిస్తుంది. అదే సంవత్సరంలో భక్తివేదాంత స్వామి న్యూయార్క్‌లో కృష్ణచైతన్య సంఘాన్ని స్థాపించారు. 1969లో జార్జ్ హారిసన్ నిర్మాణంలో లండన్ రాధాకృష్ణ మందిర భక్తులు పాడిన హరేకృష్ణ మంత్రం బ్రిటిష్ పట్టికల్లోకి ఎక్కింది. దాదాపు మూడు దశాబ్దాల తరువాత కులా షేకర్ ఆ దారినే అందుకుని, చైతన్య సంప్రదాయంలోని ‘అచింత్య భేదాభేదం’ అనే సిద్ధాంత నామాన్ని ‘తత్త్వ’ పాటలో పల్లవిగా తిప్పింది. జీవునికీ ఈశ్వరునికీ భేదమూ ఉన్నది, అభేదమూ ఉన్నది, ఆ రెండూ ఏకకాలంలో ఎలా ఉండగలవన్నది తర్కానికి అందదు అని ఆ సిద్ధాంతం చెబుతుంది. ఒక దర్శన శాస్త్రపు సాంకేతిక పదం యూరపులో నృత్యశాలల్లో సామూహికంగా పాడే పల్లవిగా మారడం మతచరిత్రలో అరుదైన ఘటన.

విన్నవారి స్పందన ఒక్క తీరుగా లేదు. ఆనాటి విమర్శకులలో కొందరికి అది 1960ల నాటి బాణీకి ఆలస్యంగా వచ్చిన అనుకరణగా, తూర్పుదేశపు ఆధ్యాత్మికతను అలంకారంగా తగిలించుకోవడంగా తోచింది. మరికొందరికి ఆనాటి బ్రిటిష్ రాక్‌లో కొరవడిన ఉల్లాసం, వెలుగు అందులో వినిపించాయి. అర్థం తెలియని శ్రోతకు ‘గోవింద’ అనేది చెవికి ఇంపైన మూడక్షరాల వలయం. ఇంట్లో నామసంకీర్తన మధ్య పెరిగిన ప్రవాస హిందూ యువకునికి అదే పాట తాతమ్మల పూజగదినీ, తోటివారి రేడియోనూ మొదటిసారిగా ఒక చోట కలిపిన ధ్వని. నామదీక్షలో ఉన్న వైష్ణవునికి అది పాట కానే కాదు, నామమే. ధ్వని ఒకటే, తీగలు, తబలా, కంఠం, కాలప్రమాణం ఒకటే, విన్నది మాత్రం ముగ్గురూ మూడు విధాలుగా విన్నారు. అనుభూతి అంతా ధ్వనిలోనే ఉన్నదనే వాదం ఇక్కడ నిలబడదు. అలాగని అంతా శ్రోతలోనే ఉన్నదనడానికీ వీలులేదు. ఆ ధ్వని లేకుండా ఆ మూడు అనుభూతులలో ఏదీ ఆ క్షణంలో పుట్టి ఉండేది కాదు.

ఈ చిక్కును విప్పడానికి రసశాస్త్రం ఎంతో ఉపకరిస్తుంది. భరతుడు విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయిక వల్ల రసం నిష్పన్నమవుతుందన్నాడు. విభావమంటే భావానికి కారణంగా చూపిన వస్తువు లేదా సన్నివేశం, అనుభావమంటే ఆ భావం పైకి తెలిసే చేష్ట, వ్యభిచారి అంటే నడుమ వచ్చిపోయే చిన్న భావం. కాశ్మీర ఆలంకారికుడు భట్టనాయకుడు, కావ్యంలోని వ్యక్తిగత సన్నివేశం శ్రోత మనస్సులో తనదీ పరులదీ అనే గుర్తును కోల్పోయి సర్వసామాన్యమవుతుందని, ఆ సాధారణీకరణమే ఆస్వాదానికి దారి అని చెప్పాడు. అభినవగుప్తుడు దానికి మరొక మెట్టు కలిపి, రసం బయటి నుంచి వచ్చి చేరేది కాదని, శ్రోతలో వాసనారూపంగా ముందే ఉన్న భావం కావ్యం వల్ల అభివ్యక్తమవుతుందని స్థాపించాడు. పదిహేడవ శతాబ్దంలో తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు రసగంగాధరంలో ఈ వాదాన్ని కొసకు తీసుకుపోయి, ఆవరణం భగ్నమైన చైతన్యమే రసమన్నాడు. ఆయన మాట ప్రకారం శబ్దం చేసేది ఒకే పని: కప్పి ఉన్న తెరను తొలగించడం. తెర తొలగిన తరువాత ప్రకాశించేది శ్రోత సొంత చైతన్యమే. వర్ణాన్ని ధ్వని వెల్లడిస్తుందని మీమాంసకులు చెప్పిన అభివ్యక్తి ఇక్కడ మనిషి అంతరంగానికి వర్తించింది. మంథని ఆలయంలో నిలబడ్డ భక్తునిలోనూ, లండన్ సభలో ఊగిన యువకునిలోనూ జరిగినదేమిటో ఈ సిద్ధాంతం ఏకరీతిగా వివరించగలదు. ఇద్దరిలోనూ ఒక ఆవరణం కొంతసేపు పక్కకు జరిగింది.

అభినవగుప్తుడు రసానుభవానికి ఏడు విఘ్నాలను కూడా చెప్పాడు; వాటిలో రెండు ఇక్కడ ముఖ్యం. శ్రోత తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండటం ఒకటి; ఆ అనుభవాన్ని తనకో పరులకో చెందిన నిర్దిష్ట దేశకాలాలకు కట్టివేయడం మరొకటి. రెండవ విఘ్నం ఎంత గట్టిదో కులా షేకర్ కథలోనే కనిపిస్తుంది. 1997లో క్రిస్పియన్ మిల్స్ స్వస్తిక చిహ్నాన్ని గురించి పత్రికలకు చెప్పిన మాటలు బ్రిటన్‌లో తీవ్ర విమర్శకు లోనయ్యాయి. తెలుగింటి గడప మీద శుభసూచకమైన ఆ గుర్తు, నాజీలు లక్షలాది యూదులను హతమార్చిన ఖండంలో ఆ మారణకాండనే స్ఫురింపజేస్తుంది. చిహ్నానికి దాని మూలార్థం ఒక్కటే ఉన్నట్లు మాట్లాడటం, చూసేవారి స్మృతిని లెక్కచేయకపోవడం, పవిత్రమైన దానిని కూడా గాయంగా మార్చగలదు. పవిత్ర చిహ్నాన్నీ, ధ్వనినీ ఒక దేశం నుంచి మరొక దేశానికి తీసుకుపోయేవారికి శ్రోతల సంస్కారాన్ని తెలుసుకునే బాధ్యత ఉంటుంది.

ఇంతకూ ఆ తెర తొలగడం మోక్షానుభవమేనా? ఆలంకారికులు ఇక్కడ తొందరపడలేదు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు రసాస్వాదాన్ని బ్రహ్మాస్వాదానికి సహోదరమన్నాడే గాని, అదే ఇది అనలేదు. రసానుభవం ప్రాణం విభావాదులు ఉన్నంతవరకేనని శాస్త్రం స్పష్టంగా చెబుతుంది. పాట ముగిస్తే అది ముగుస్తుంది, తెర తిరిగి పడుతుంది. పశ్చిమదేశాల విచారణ కూడా వేరే దారిన ఇదే చోటికి వచ్చింది. 1902లో ప్రచురించిన గ్రంథంలో విలియం జేమ్స్ మార్మికానుభవానికి నాలుగు లక్షణాలు చెప్పాడు: మాటకు అందకపోవడం, ఏదో తెలిసిందనే ప్రత్యయం, ఎక్కువసేపు నిలవకపోవడం, తన ప్రమేయం లేకుండా జరిగినట్లు ఉండటం. అటువంటి అనుభవాన్ని దాని పుట్టుకను బట్టి కాక అది జీవితంలో ఇచ్చే ఫలాన్ని బట్టి తూచాలని ఆయన పట్టుబట్టాడు. 1964లో మాదకద్రవ్యాల మతప్రాధాన్యాన్ని విచారించిన హస్టన్ స్మిత్, అవి మతానుభవాలను కలిగించగలవని అనిపిస్తున్నా, మతజీవనాన్ని నిర్మించగలవని అంత స్పష్టంగా కనిపించదని తేల్చాడు. అనుభవం వేరు, జీవనం వేరు అనే ఈ విభజన సంగీతానికీ అక్షరాలా వర్తిస్తుంది. ఆలయంలో విన్న రుద్రానికీ వర్తిస్తుంది.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. భాగవతం ఆరవ స్కంధంలోని అజామిళుడు మరణవేళ యమభటులను చూసి భయపడి, చిన్న కొడుకును పేరు పెట్టి నారాయణా అని పిలిచాడు. దేవుణ్ణి తలచి పిలిచినది కాకపోయినా విష్ణుదూతలు వచ్చి అతణ్ణి విడిపించారు. అర్థం, ఉద్దేశం, సంస్కారం ఏదీ లేకపోయినా నామధ్వని ఒక్కటే పనిచేసిందని ఈ కథ చెబుతున్నట్లు కనిపిస్తుంది. తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రచించిన ఏర్చూరి సింగన కాలం నుంచి తెలుగువారు ఈ కథను నామమహిమకు నిదర్శనంగా చెప్పుకుంటూనే ఉన్నారు. కాని కథ విడుదలతో ముగియదు. భటులు వెళ్లిపోయిన తరువాత అజామిళుడు అప్పుడే వైకుంఠానికి పోలేదు. తాను విన్న విష్ణుదూతల మాటలను తలపోసి, గడిపిన జీవితానికి పశ్చాత్తాపపడి, ఇల్లు విడిచి గంగాద్వారానికి చేరి, ఇంద్రియాలను నిగ్రహించి యోగమార్గంలో నిలిచి, ఆ పిమ్మటనే పరమపదం పొందాడు. అంటే యాదృచ్ఛికంగా పలికిన నామం అతనికి గడువు ఇచ్చింది. ఆ గడువులో అతడు విన్నదానిని ఆలోచించాడు, ఆలోచించినదానిని ఆచరించాడు. నామమహిమను తగ్గించకుండానే, నామం తరువాత మనిషి చేయవలసిన పనిని ఈ కథ పూర్తిగా చూపుతుంది.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఉపదేశించిన క్రమం ఇదే. ఆత్మను గురించి మొదట వినాలి, ఆ పైన యుక్తితో విచారించాలి, చివరకు ఎడతెగకుండా ధ్యానించాలి. వీటినే శ్రవణ, మనన, నిదిధ్యాసనాలంటారు. ఆ ఉపదేశం విన్నది ఒక స్త్రీ అన్న విషయాన్ని అధికార నియమాలు వ్రాసినవారు మరచినా, ఉపనిషత్తు మరువలేదు. ఈ క్రమంలో శ్రవణం మొదటి మెట్టు. అది లేనిదే మిగతావి లేవు, అది ఒక్కటే అయితే దారి సగంలో ఆగుతుంది. ‘గోవింద’ పాట విని, ఆ పేరు ఎవరిదని అడిగి, గీతనో భాగవతాన్నో తెరచి, తన నడవడిని సరిచూసుకున్న ఆంగ్ల శ్రోత ఎవరైనా ఉంటే, అతడు శ్రవణాన్ని పూర్తి చేసినవాడే. అతని పుట్టుక, భాష, మొదట విన్న చోటు దానికి అడ్డుకావు. ఏళ్ల తరబడి రుద్రం వింటూ కూడా కుమ్మరినీ, వడ్రంగినీ చిన్నచూపు చూసే శ్రోత, గోదావరి ఒడ్డున పుట్టినవాడైనా, శ్రవణం ఇంకా మొదలుపెట్టనివాడే.

కాబట్టి మొదటి ప్రశ్నకు సమాధానాన్ని ఇలా నిర్ణయించవచ్చు. పవిత్ర ధ్వనిలో శక్తి ఉంది; అది తెరను తొలగించే శక్తి. ఆ ధ్వనిని స్వరం తప్పకుండా నిలిపిన ఘనపాఠుల శ్రమకు తెలుగుజాతి ఎంతైనా రుణపడి ఉంది. శ్రోతలో ప్రకాశం ఉంది. అది ఎవరికీ తక్కువ కాదు, ఎవరి సొత్తూ కాదు. అర్థం ఈ రెండింటినీ కలిపి నిలిపేది. అది లేకపోతే ధ్వని పాటతోపాటే అణగిపోతుంది, అనుభూతి తలపుగా మాత్రమే మిగులుతుంది. విన్నప్పుడు కలిగిన పులకింతను జ్ఞానమని భ్రమించడం ఎంత పొరపాటో, ఆ పులకింతను ఆడంబరమని తీసిపారేయడం కూడా అంతే పొరపాటు. దానిని ఆహ్వానంగా స్వీకరించడమే సరైన మార్గం.

ఈ నిర్ణయం నుంచి తెలుగు సమాజానికి ఒక కర్తవ్యం ఏర్పడుతుంది. పాఠాన్ని తప్పుపోకుండా కాపాడిన మంథని వంటి ఊళ్లలోని వేదపండితులు, అభిషేకం ముగిసిన తరువాత కొద్దిసేపైనా, వచ్చిన వారందరికీ, కులమూ లింగమూ చూడకుండా, నమకంలోని ఒక అనువాకానికి తెలుగులో తాత్పర్యం చెప్పే ఆచారం పెట్టుకోవాలి. పదకొండు అనువాకాలను పదకొండు కార్తీక సోమవారాలకు పంచుకున్నా మూడేళ్లలో నమకమంతా ఊరికి అర్థమవుతుంది. వినేవారు కూడా ఆ బాధ్యతను పండితుల మీదనే వదలరాదు. ప్రతిదినం చెవిన పడే మంత్రమో, సుప్రభాతమో, ఆల్బమ్‌లోని నామమో ఏదైనా ఒక్కదాని అర్థాన్ని ఈ సంవత్సరం తెలుసుకుని, అది తమ నడవడిని ఏమి అడుగుతున్నదో ఆలోచించాలి. విన్నది ఆచరణలోకి వచ్చిననాడే శ్రవణం సఫలమవుతుంది.